సుడిని కట్టేస్తేనే సున్నా రెసిస్టెన్స్!

ఫిజిక్స్ బోర్డు ముందు కూర్చున్నారనుకోండి. అది బార్క్ ట్రెయినింగ్ స్కూల్ ఇంటర్వ్యూ కావచ్చు, పీహెచ్‌డీ అడ్మిషన్ కావచ్చు. సూపర్‌కండక్టర్ మాట వచ్చిందంటే మొదటి ప్రశ్న తేలికే. ‘రెసిస్టెన్స్ ఎంత?’ ‘సున్నా సార్’. ఇక్కడిదాకా అందరూ పాసే. రెండో ప్రశ్న మాత్రం కొంచెం మెలిక. ‘దాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి, గట్టిగా కరెంటు పంపితే అప్పుడూ సున్నానేనా?’

ఇంటర్మీడియట్ పుస్తకాన్ని నమ్ముకున్నవాళ్లు అవునంటారు. సరైన జవాబు ‘మేకులు ఉంటే సున్నా, లేకపోతే కాదు’. ఆ మేకులు ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నది వేడి తేల్చే విషయం. ఈ ఒక్క సంగతి సరిగ్గా అర్థమైతే ఎంఆర్‌ఐ మెషీన్ నుంచి క్వాంటమ్ కంప్యూటర్ దాకా చాలా వాటి గుట్టు తెలిసిపోతుంది. నెల్లూరు తీరం వాళ్లకైతే ఇంకా తేలిక. దీనికి కావాల్సిన ఉపమానాలన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి.

సముద్రంలో పడవ, సూపర్‌కండక్టర్‌లో సుడి

సూపర్‌కండక్టర్ అయస్కాంత క్షేత్రాన్ని పూర్తిగా బయటికి నెట్టేస్తుందని చదువుకున్నాం. సీసం, పాదరసం లాంటి మొదటి రకం వాటికి అది నిజం. పనికొచ్చేవన్నీ రెండో రకం. వీటిలో క్షేత్రం కాస్త పెరగ్గానే సన్నటి గొట్టాల్లాగా లోపలికి దూరుతుంది. ఒక్కో గొట్టం నడుమ సూపర్‌కండక్టివిటీ చచ్చిపోయి ఉంటుంది, దాని చుట్టూ కరెంటు గిర్రున తిరుగుతుంటుంది. గోదారిలో సుడిగుండం ఎలా ఉంటుందో అలాగే. అందుకే దీన్ని వోర్టెక్స్ అంటారు, మనం సుడి అనుకుందాం. ప్రతి సుడిలోనూ ఒకే కొలత అయస్కాంత ప్రవాహం ఉంటుంది, ఎక్కువ తక్కువలుండవు. క్షేత్రం 1 టెస్లా ఉంటే సుడికీ సుడికీ మధ్య ఎడం దాదాపు 50 నానోమీటర్లు. ఇదంతా 1957లోనే లెక్కకట్టి చెప్పినాయన అబ్రికోసోవ్. నోబెల్ మాత్రం 2003లో వచ్చింది. ఓపిక ఎంత ముఖ్యమో చూడండి!

ఇప్పుడు కరెంటు పంపుదాం. కరెంటు, అయస్కాంత క్షేత్రం కలిస్తే అడ్డంగా ఒక తోపు పుడుతుంది. మోటారు తిరిగేది ఆ బలంతోనే. ఆ తోపుకి సుడులు కదులుతాయి. సుడి కదిలితే వోల్టేజి పుడుతుంది, వోల్టేజి ఉందంటే కరెంటు నష్టపోతున్నట్టే. అంటే రెసిస్టెన్స్ వచ్చేసింది! పదార్థం ఇంకా సూపర్‌కండక్టరే, కానీ తీగ వేడెక్కుతోంది.

సుడులు కదలకుండా ఆపాలి. ఎలా? జువ్వలదిన్నె హార్బర్‌లో పడవల్ని ఎలా ఆపుతారో అలాగే. పడవని గాలి తోస్తుంది, నీటి పోటు లాగుతుంది. తాడేసి గుంజకి కట్టేస్తే నిలుస్తుంది. సుడికి గుంజ ఏంటంటే, పదార్థంలో ఉండే లోపం. ఒక మలినపు రేణువో, అణువులు తప్పిపోయిన చోటో, పగులో. అక్కడ సూపర్‌కండక్టివిటీ ముందే బలహీనంగా ఉంటుంది. సుడి నడిమి భాగం ఎక్కడ ఉన్నా కొంత సూపర్‌కండక్టివిటీని చంపుకోవాలి, దానికి శక్తి ఖర్చు. ముందే చచ్చిన చోట కూర్చుంటే ఆ ఖర్చు మిగులుతుంది. అందుకే అక్కడికి చేరి దిగబడిపోతుంది. ఇదే పిన్నింగ్. మచ్చలేని, స్వచ్ఛమైన స్ఫటికం చూడ్డానికి బాగుంటుంది కానీ కరెంటు మోయడానికి పనికిరాదు. పనిచేసే సూపర్‌కండక్టర్ తీగ అంటే, మురికిని సరైన సైజులో, సరైన చోట కావాలని కలిపిన తీగ!

వేడి చేసే అల్లరి

గాలి, పోటు తోపు అయితే, వేడి అలల లాంటిది. అలలు పడవని ఒక పక్కకి తొయ్యవు, ఎగరేస్తుంటాయి. ఒక్కో కుదుపుకి తాడు జారుతుంది. జారినప్పుడల్లా గాలి పడవని తనవైపు కాస్త లాక్కుంటుంది. సుడి కూడా అంతే. వేడి కుదుపుకి ఒక గుంటలోంచి ఎగిరి పక్క గుంటలో పడుతుంది. కరెంటు లేకపోతే అటూ ఇటూ సమానంగా దూకుతుంది, నష్టం లేదు. కరెంటు తోస్తుంటే ఒకవైపు దూకుళ్లు ఎక్కువవుతాయి. ఈ మెల్లటి జారుడుని ఫ్లక్స్ క్రీప్ అంటారు. 1962లో ఆండర్సన్ దీనికి సిద్ధాంతం ఇచ్చాడు, అదే కాలంలో కిమ్ బృందం ప్రయోగాల్లో చూసింది.

బీటెక్ వాళ్లం కాబట్టి లెక్క వేసి చూద్దాం. గుంట లోతు 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ అనుకోండి. సుడి సెకనుకి వెయ్యి కోట్ల సార్లు బయటపడడానికి ప్రయత్నిస్తుందనుకోండి. బోల్ట్జ్‌మన్ ఎక్స్‌పొనెన్షియల్ అందరికీ తెలిసిందే, కాలిక్యులేటర్‌లో కొట్టండి. ద్రవ హీలియం ఉష్ణోగ్రత 4.2 కెల్విన్ దగ్గర విశ్వం వయసంతా కాచుకుని కూర్చున్నా ఒక్కసారి కూడా దూకదు. 20 కెల్విన్ దగ్గర, అంటే ద్రవ హైడ్రోజన్‌లో, దాదాపు 5 కోట్ల ఏళ్లకి ఒకసారి దూకుతుంది. అదే 77 కెల్విన్, ద్రవ నైట్రోజన్‌లో పెడితే? సెకనుకి దాదాపు 3 వేల సార్లు! ఇంకో 13 డిగ్రీలు పెంచి ద్రవ ఆక్సిజన్ ఉష్ణోగ్రత 90 కెల్విన్‌కి తెస్తే 25 వేల సార్లు.

గుంట అదే, సుడి అదే. మారింది ఉష్ణోగ్రత ఒక్కటే. నిజానికి పరిస్థితి ఇంతకన్నా ఘోరం. ఎందుకంటే ఈ లెక్కలో గుంట లోతు మారదనుకున్నాం. వేడి పెరిగేకొద్దీ సూపర్‌కండక్టివిటీయే నీరసిస్తుంది, సుడి నడుము లావెక్కుతుంది, గుంట పూడుతూ వస్తుంది. అల పెద్దదవుతోంది, తాడూ సన్నబడుతోంది.

దోసెల దొంతర

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ కాపర్ ఆక్సైడ్లలో సూపర్‌కండక్టివిటీ కనిపెట్టారు. 1987లో వైబీసీఓ 90 కెల్విన్ దాటింది. 1988లో బిస్మత్ ఉన్న బిస్కో 110కి చేరింది. ఇంకేం, ద్రవ నైట్రోజన్ చాలు, కరెంటు లైన్లన్నీ మార్చేద్దామని ప్రపంచమంతా సంబరపడింది. తీరా చూస్తే 77 కెల్విన్ దగ్గర బిస్కోకి ఒక మోస్తరు అయస్కాంతం చూపిస్తే చాలు, చేతులెత్తేసింది. క్రిటికల్ ఉష్ణోగ్రత వైబీసీఓ కన్నా ఎక్కువే, పని మాత్రం తక్కువ. ఎందుకు?

ఇవి పొరల పదార్థాలు. సూపర్ కరెంటు ప్రధానంగా రాగి-ఆక్సిజన్ పొరల్లోనే పారుతుంది. పొరకీ పొరకీ మధ్య లంకె ఎంత గట్టిదన్నది పదార్థాన్ని బట్టి ఉంటుంది. వైబీసీఓలో పొరల మధ్య రాగి-ఆక్సిజన్ గొలుసులు ఉంటాయి, లంకె గట్టిది. బిస్కోలో మధ్యలో బిస్మత్ ఆక్సైడ్ అడ్డుపడుతుంది, లంకె చాలా బలహీనం. దాంతో బిస్కోలో సుడి ఒక నిలువు గొట్టంలా ఉండదు. ప్రతి పొరలో ఒక పల్చటి బిళ్ల, అలాంటి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. అమెరికాలో జాన్ క్లెమ్ లాంటి వాళ్లు వీటిని పాన్‌కేక్ వోర్టెక్స్ అన్నారు. నెల్లూరులో పేరు పెట్టి ఉంటే కారం దోసె వోర్టెక్స్ అయ్యేది.

పళ్లెంలో పది దోసెలు దొంతరగా పెట్టి పళ్లెం కుదపండి. ఏ దోసెకి ఆ దోసె జారిపోతుంది. నడుమ ఒక పుల్ల గుచ్చి కుదపండి. కదిలితే పదీ కలిసి కదలాలి, లేకపోతే లేదు. గుచ్చినప్పుడు ఒక్క దోసె గుంటలో ఇరుక్కున్నా మిగతా తొమ్మిదిటినీ ఆపుతుంది. పుల్ల లేకపోతే పది దోసెలకీ పది గుంటలు కావాలి. బిస్కోలో ఆ పుల్ల సన్నటి దారం లాంటిది, వేడి తగిలేసరికి తెగుతుంది. ఒక్కో బిళ్లని ఆపే గుంట లోతు కూడా చిన్నదే కాబట్టి వేడి కుదుపుకి ఇట్టే ఎగిరిపోతుంది. ఇంకా వేడి పెంచితే సుడుల వరసే కరిగిపోతుంది. మంచు నీరైనట్టు, త్రికోణాల అమరికలో బుద్ధిగా ఉన్న సుడులు ద్రవంలా పారతాయి. బిస్కోలో ఈ కరుగుడుని జెల్డోవ్ బృందం 1995లో స్పష్టంగా కొలిచి చూపించింది.

కాబట్టి ‘ఈ పదార్థం ఎన్ని డిగ్రీల దాకా సూపర్‌కండక్టర్?’ అనేది సగం ప్రశ్నే. ‘ఎన్ని డిగ్రీల దాకా, ఎంత క్షేత్రంలో, సుడుల్ని పట్టి ఉంచుతుంది?’ అనేది మిగతా సగం. 2023లో ఎల్‌కే-99 అంటూ వాట్సాప్ మొత్తం ఊగిపోయినప్పుడు ఈ రెండో సగం అడిగినవాళ్లు నాకైతే పెద్దగా కనిపించలేదు. తర్వాత మొదటి సగమే నిలబడలేదనుకోండి, అది వేరే కథ.

మనవాళ్లు కొట్టిన మేకులు

ఇందులో తెలుగు నేల పాత్ర చిన్నదేం కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్‌లో ఇ.సుధాకర్ రెడ్డి, టి.రాజశేఖరన్ 1998లో ఒక పద్ధతి ప్రచురించారు. వైబీసీఓ దిమ్మల్ని మామూలుగా కరిగించి పెంచితే అవి కుంచించుకుపోతాయి, రంధ్రాలు పడతాయి, ఆకారం చెడుతుంది. వీళ్లు ముందు 211 అనే పదార్థంతో కావాల్సిన ఆకారం చేసి, అందులోకి ద్రవాన్ని ఇంకించి, లోపలే సూపర్‌కండక్టర్ పెరిగేట్టు చేశారు. మట్టి ప్రమిద నూనె పీల్చుకున్నట్టు అనుకోండి. ఆకారం చెక్కుచెదరదు. పైగా మిగిలిపోయిన 211 రేణువులు సన్నగా, సమంగా సర్దుకుని సుడులకి మేకులవుతాయి. దీన్ని ఇన్‌ఫిల్ట్రేషన్ గ్రోత్ అంటారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ వి.శేషుబాయి బృందం ఈ దారిలో చాలా పనిచేసింది. ఇప్పుడు వేరే దేశాల ల్యాబుల్లోనూ ఈ పద్ధతి వాడతారు.

ఇంకో పేరు మిర్యాల మురళీధర్. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి జపాన్ వెళ్లారు, ఇప్పుడు టోక్యోలోని షిబౌరా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రొఫెసర్. ఆయన బృందం ఇట్రియం స్థానంలో నియోడిమియం, యూరోపియం, గాడొలినియం మూడూ కలిపి, నానోమీటర్లలో కొలిచే రేణువుల్ని మేకులుగా దించింది. 2004లో వాళ్లు చూపించిందేంటంటే, ద్రవ ఆక్సిజన్ ఉష్ణోగ్రత 90 కెల్విన్ దగ్గర కూడా అయస్కాంతాన్ని గాలిలో తేల్చడం. ఇందాకటి లెక్క గుర్తుందిగా? 77 నుంచి 90కి వెళ్తే దూకుళ్లు తొమ్మిదింతలు. పైగా అక్కడ పదార్థం తన క్రిటికల్ ఉష్ణోగ్రతకి అంచున ఉంటుంది. అంత అంచున సుడిని పట్టుకోవడమంటే తుపానులో పడవని నిలబెట్టడమే.

ద్రవ ఆక్సిజన్, ద్రవ హైడ్రోజన్ అనగానే నెల్లూరు వాళ్లకి ఏం గుర్తుకు రావాలి? శ్రీహరికోట! 2022లో జిల్లాల విభజనతో షార్ తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, మనకి ఆ రాకెట్ ఇంకా మన రాకెట్టే. ఎల్‌వీఎం-3 పైదశలో దాదాపు 28 టన్నుల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ నింపుతారు. బయట మే నెలలో 40 డిగ్రీల ఎండ, ట్యాంకు లోపల మైనస్ 253. వాటిని అంత చల్లగా నిలవ ఉంచడం, పైపుల్లో పంపడం, వేడి లోపలికి చొరకుండా ఆపడం, ఇదంతా క్రయోజెనిక్స్. సూపర్‌కండక్టర్ ల్యాబులో చేసేదీ అదే పని, సైజు తేడా అంతే. ద్రవ హైడ్రోజన్ పైపు లోపలే మెగ్నీషియం డైబోరైడ్ కేబుల్ పెట్టి, ఇంధనం, కరెంటు ఒకే దారిలో పంపడాన్ని రష్యాలో ప్రయోగించి చూశారు. 20 కెల్విన్ దగ్గర సుడి 5 కోట్ల ఏళ్లకి ఒకసారి దూకుతుందన్న లెక్కకి విలువ అక్కడే.

మరీ చల్లబరిస్తే అన్నీ సుఖమేనా అంటే, కాదు. బాగా చల్లగా ఉన్నప్పుడు పదార్థానికి వేడిని ఓర్చుకునే శక్తి తక్కువ. ఒక సుడి జారితే చిటికెడు వేడి పుడుతుంది. ఆ వేడికి పక్క మేకు సడలుతుంది, ఇంకో సుడి జారుతుంది, ఇంకాస్త వేడి. చూస్తుండగానే కొండచరియ విరిగినట్టు మొత్తం పోతుంది. దీన్ని ఫ్లక్స్ జంప్ అంటారు. 2014లో కేంబ్రిడ్జ్ బృందం రెండు దిమ్మల మధ్య 17.6 టెస్లా క్షేత్రాన్ని బంధించి రికార్డు కొట్టింది. అది 26 కెల్విన్ దగ్గర, దిమ్మల చుట్టూ స్టీలు పట్టీ బిగించి. పట్టీ ఎందుకంటే, సుడుల్ని పట్టి ఉంచే బలానికి దిమ్మే పగిలిపోతుంది!

ఉద్యోగాల సంగతి చెప్పవయ్యా అంటారా

నిజం చెప్తాను. ‘వోర్టెక్స్ పిన్నింగ్ ఇంజినీర్ కావలెను’ అని ఏ పోర్టల్‌లోనూ ప్రకటన రాదు. మన దేశంలో ఈ సబ్జెక్టు మీద నేరుగా పనిచేసేవాళ్లు తక్కువ, పీహెచ్‌డీ దారి పొడుగు. ఏడాదిలో ఇంటికి జీతం పంపాల్సిన పరిస్థితి ఉంటే ముందు ఉద్యోగం చూసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ ఈ సబ్జెక్టు చుట్టూ ఉండే నైపుణ్యాలు, అంటే క్రయోజెనిక్స్, వాక్యూమ్, మాగ్నెట్లు, సున్నితమైన కొలతలు, వీటికి గిరాకీ ఉంది. ఎంఆర్‌ఐ మెషీన్ అంటేనే ద్రవ హీలియంలో ముంచిన సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్. దాన్ని బిగించే, చూసుకునే సర్వీస్ ఇంజినీర్లు కావాలి. గాంధీనగర్ ఐపీఆర్‌లో ఎస్‌ఎస్‌టీ-1, ఐటర్ పనులు, ఇండోర్ ఆర్‌ఆర్‌క్యాట్, కోల్‌కతా వీఈసీసీ, ఢిల్లీ ఐయూఏసీ, చెన్నై దాటితే కల్పాక్కం ఐజీకార్, ఇవన్నీ ఈ పని జరిగే చోట్లే.

ఇప్పుడు కొత్తగా క్వాంటమ్ తోడైంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం జాతీయ క్వాంటమ్ మిషన్‌కి రూ.6,003.65 కోట్లు ఆమోదించింది. అమరావతిలో ఐబీఎం 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. ఆ క్యూబిట్లు సూపర్‌కండక్టర్లే. కెల్విన్‌లో నూరో వంతు స్థాయి చలిలో పనిచేస్తాయి. అక్కడ కూడా ఒక సుడి తప్పుడు చోట ఇరుక్కుంటే క్యూబిట్ శక్తి కారిపోతుంది. అందుకే చిప్పు మీద కావాలని చిన్న చిన్న రంధ్రాలు చేసి, సుడులు వచ్చినా వాటిలోనే కూర్చునేట్టు చూస్తారు. క్వాంటమ్ అంటే పైథాన్ కోర్సు ఒక్కటే అనుకునేవాళ్లు ఈ హార్డ్‌వేర్ వైపు కూడా ఓ కన్నేయాలి. పోటీ ఇక్కడ తక్కువని నా అంచనా.

దారి ఎలా? బీఎస్సీ వాళ్లు ఐఐటీ జామ్ రాస్తే ఐఐటీల్లో ఎంఎస్సీ, ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ తలుపులు తెరుచుకుంటాయి. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ఎంఎస్సీ తర్వాత గేట్, జెస్ట్, సీఎస్ఐఆర్ నెట్. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి రూ.37 వేలు, పైన ఇంటద్దె భత్యం. మెకానికల్, కెమికల్ బీటెక్ వాళ్లకి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ప్రత్యేకంగా క్రయోజెనిక్ ఇంజినీరింగ్ సెంటరే ఉంది, గేట్ స్కోరుతో ఎంటెక్. బార్క్ ట్రెయినింగ్ స్కూల్‌కి ఇంజినీర్లూ, ఎంఎస్సీ వాళ్లూ ఇద్దరూ అర్హులే. చదువుతుండగానే ల్యాబు చూడాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టండి. అది వేసవి కోర్సే అయినా అప్లికేషన్లు ముందు ఏడాది చివర్లోనే అడుగుతారు. మార్చిలో మేల్కొంటే లాభం లేదు.

ప్రాజెక్టు కావాలా? వైబీసీఓ బిళ్ల చేయడం ఎంఎస్సీ ల్యాబులో అయ్యే పనే. ఇట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్ కలిపి నూరి, 900 డిగ్రీలు దాటే ఫర్నేస్‌లో కాల్చి, మళ్లీ నూరి, చివర్లో ఆక్సిజన్‌లో మెల్లగా చల్లార్చాలి. బేరియం కార్బొనేట్ విషం, మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. ద్రవ నైట్రోజన్ ఎక్కడ దొరుకుతుందని దిగాలు పడకండి. పశువుల వీర్యం స్ట్రాలు నిలవ ఉంచేది ద్రవ నైట్రోజన్ క్యాన్లలోనే. మీ లెక్చరర్‌తో ఉత్తరం రాయించుకుని పశుసంవర్ధక శాఖ వాళ్లని అడిగి చూడండి. (బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో ఉన్న ‘నెలోర్’ ఆవులకి పేరు మన నెల్లూరుదే, తెలుసుగా!) తలుపులేసిన గదిలో మాత్రం ఆ క్యాన్ తెరవకండి. ఆవిరయ్యే నైట్రోజన్ గదిలో ఆక్సిజన్‌ని తోసేస్తుంది, ఊపిరాడదు.

బిళ్ల మీద కాగితం ముక్క వేసి, దానిపైన చిన్న అయస్కాంతం పెట్టి, అలాగే చల్లార్చండి. తర్వాత కాగితం లాగేయండి. అయస్కాంతం గాలిలో నిలుస్తుంది. పిన్నింగ్ బలంగా ఉన్న బిళ్ల అయితే తలకిందులు చేసినా పడదు. మీరు కాల్చిన మామూలు బిళ్లకి అంత పట్టు ఉండకపోవచ్చు. ఎందుకు లేదో కనుక్కోవడమే ప్రాజెక్టు.

ఫర్నేస్ లేని కాలేజీ వాళ్లకి ల్యాప్‌టాప్ ఉంది. పైటీడీజీఎల్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీలో పల్చటి సూపర్‌కండక్టర్ పొర గీసి, రంధ్రాలు పెట్టి, క్షేత్రం పెంచుతూ సుడులు ఎలా దూరుతున్నాయో, ఎక్కడ ఇరుక్కుంటున్నాయో కళ్లారా చూడొచ్చు. అదీ బరువనిపిస్తే ఇందాకటి దూకుళ్ల లెక్కనే తీసుకోండి. గుంట లోతు ఉష్ణోగ్రతతో తగ్గేట్టు మార్చి, 4 నుంచి 90 కెల్విన్ దాకా గ్రాఫ్ గీయండి. ఇరవై లైన్ల కోడ్ కూడా అవదు. ప్రొఫెసర్‌కి ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్’ అని నాలుగు పేరాలు కాకుండా, ఆ గ్రాఫ్ జతచేసి, అందులో మీకు అర్థం కాని చోటేదో ఒక్క ప్రశ్న అడగండి.